బోసినోటి పట్టకారు

ఆ వానాకాలం నా కాలు విరక్కపోతే ఇదంతా నాకు తెలిసేది కాదు. కొత్త వంతెన ప్రారంభం వార్త కోసం వెళ్ళి ఆ వంతెన మెట్ల మీదే జారాను. మర్నాడు పేపర్లో వంతెన గురించి వచ్చింది, మెట్ల గురించి రాలేదు. మడమ పైన ఎముక చిట్లింది. మోకాలి దాకా కట్టు వేసి, వానలు తగ్గేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు.

మా పడగ్గది మేడ మీద ఉంది. మెట్లెక్కలేను కాబట్టి వీధి గదిలో నాకు మంచం వేశారు. వీధి గది అంటే మా అత్తయ్య పని గది. ఆవిడ కట్టుడు పళ్ళు చేసేవారు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపితే, వాటిని బట్టి పళ్ళసెట్లు తయారు చేసి పంపేవారు. సెట్టు వదులైతే జనం నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

ఆస్పత్రి నుంచి నన్ను తీసుకొచ్చినప్పుడు అత్తయ్య నా మొహం చూడలేదు. కట్టు చూశారు. గోటితో కొట్టి చూశారు.

"ఎవరు వేశారమ్మాయ్ ఇది?"

"ఆస్పత్రిలో అత్తయ్యా."

"గోడకి మెత్తినట్టు మెత్తారు. ఈ గాలి బుడగలు చూడు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళెవరైనా ఇలా చేసుంటే పగలగొట్టి మళ్ళీ పోయించేదాన్ని."

"నా కాలు పగలగొట్టకండి."

"ఆ పని నువ్వే చేసుకొచ్చావుగా."

ఆ గదిలో పడమటి గోడకి కిటికీ, కిటికీ కింద అత్తయ్య బల్ల. బల్ల మీద స్పిరిటు దీపం, మైనం, మైనం చెక్కే కత్తులు. గది మధ్యలో ఒక దిమ్మ మీద అరగదీసే మోటారు. ఉత్తరపు గోడ నిండా అలమర. అలమరలో ప్లాస్టరు దవడలు. మంచం మీద నుంచి చూస్తే ఊళ్ళో సగంమంది నోళ్ళు నా వైపే తిరిగి ఉండేవి. అందులో ఒకటి మా ఎడిటర్‌ది. ఆయన నోరు తెరిచి కూడా నన్ను ఏమీ అనకపోవడం అక్కడే చూశాను.

వీధి తలుపు పక్కన మావయ్య బల్ల ఉండేది. ఆయన దస్తావేజులు రాసేవారు. ఇళ్ళ అమ్మకాలు, పంపకాలు, అద్దె కాగితాలు, వీలునామాలు. చదువు రానివాళ్ళ బొటనవేలు పట్టుకుని సిరా దిండు మీద అద్ది కాగితం మీద నొక్కడం కూడా ఆయన పనే. కంప్యూటర్లు వచ్చాక పని మానేశారు గానీ బల్ల మానలేదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంట్లోంచి ఇంట్లోకే ఆఫీసుకి వచ్చేవారు. పాతవాళ్ళెవరైనా కవరు తెస్తే లక్కముద్ర వేసి ఇచ్చేవారు.

వానలకి ముందే అత్తయ్యకి దగ్గు పట్టుకుంది. పళ్ళసెట్టుని మోటారు మీద అరగదీస్తే పొడి లేస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే కట్టుకునేవారు కాదు, కళ్ళజోడుకి ఆవిరి పడుతుందని. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి దిగిందనీ, పని ఆపాలనీ డాక్టరు చెప్పాడు.

మా ఆయన లిఫ్టుల మెకానిక్. ఏదైనా మొరాయిస్తే దాని సంగతి తేల్చేదాకా అన్నం తినడు. వారం తిరక్కుండానే దారి కనిపెట్టాడు. వీధి చివర కళ్ళజోళ్ళ కొట్టతను పెద్ద గది కోసం వెతుకుతున్నాడు. వీధి గది అతనికి అద్దెకిస్తే పని దానంతటదే ఆగుతుంది.

"చాలమ్మా ఇంక," అన్నాడు. "అందరికీ పళ్ళు కట్టావు. నువ్వు ఊపిరి పీల్చుకో."

"సరే," అన్నారు అత్తయ్య.

ఆ మధ్యాహ్నం మైనం కత్తులన్నీ తుడిచి వరసగా పెట్టారు. కాసేపాగి వాటినే తీసి మళ్ళీ తుడిచారు. పడుకుని చూస్తున్నాను కాబట్టి నాకు కనిపించింది. మా ఆయన అప్పటికి పనికి వెళ్ళిపోయాడు.

ఇల్లు మావయ్య పేరున ఉంది. సంతకం ఆయనది కావాలి. కళ్ళజోళ్ళతను టైపు చేయించిన కాగితం తెచ్చాడు. మావయ్య మొదటి నుంచి చివరి దాకా చదివి బల్ల మీద బోర్లా పెట్టారు.

"ఎవరు రాశారయ్యా ఇది?"

"కంప్యూటర్ సెంటర్లో చేయించాను బాబాయిగారూ."

"వంటవాడి ఇంటికి హోటల్ క్యారేజీ తెచ్చావన్నమాట. నా ఇంటి కాగితం ఇంకొకడు రాస్తే నేను సంతకం పెట్టాలా?"

"అయితే మీరే రాయండి."

"రాస్తాను. నా పెన్నుతో రాస్తాను."

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఏ పెన్ను నాన్నా, ఆ నల్లదా? అది చచ్చిపోయి ఎన్నాళ్ళయింది."

"అది రాసిన రోజున నేను రాస్తాను."

"ఇదేం మెలిక నాన్నా."

"నోటితో అంటే మెలిక, కాగితం మీద పెడితే షరతు. కావాలంటే రాసిస్తాను."

"దేంతో రాస్తావు? పెన్ను చచ్చిపోయిందిగా."

కళ్ళజోళ్ళతను నవ్వాడు. మావయ్య నవ్వలేదు. సొరుగులోంచి పెన్ను తీసి కాగితం మీద పెట్టారు. నల్లటి ఎబొనైటు పెన్ను. ఊళ్ళో సగం ఇళ్ళు ఆ పాళీ కిందే చేతులు మారాయని అనేవారు. పక్కన చిన్న మీట ఉంది. మీట లేపి దించితే లోపలి రబ్బరు తిత్తి సిరా పీల్చుకోవాలి. తిత్తి ఎండి పొడైపోయింది. పెన్ను ఊపితే లోపల గలగలమంది.

మర్నాడు మా ఆయన దాన్ని పాత పెన్నులు అమ్మేవాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. కొత్త తిత్తితోనూ విప్పని పెన్నుతోనూ తిరిగొచ్చాడు.

"మెడ దగ్గర లక్కతో అతికించారట. వేడి తగలనిచ్చి, మెత్తటి నోరున్న పట్టకారుతో పట్టుకుని తిప్పాలట. అతని దగ్గర ఇనప పట్టకారే ఉంది. పగిలితే నా పూచీ కాదన్నాడు. ఇలా ఇవ్వు నాన్నా, నా పానాతో రెండు నిమిషాలు."

"నీ చేతికిస్తే తెరుచుకుంటుందిరా," అన్నారు అత్తయ్య కిటికీ దగ్గర నుంచి. "మళ్ళీ మూసుకోదు."

ఆవిడ లేచి వచ్చి పెన్ను అందుకున్నారు. మెడ మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూశారు. పళ్ళు లేని దవడని కూడా అలాగే చూసేవారు.

"పట్టకారు నేను చేస్తాను," అన్నారు. "పట్టకారు అయ్యేదాకా బల్ల కావాలి."

*

పని మొదలైంది. అత్తయ్య పెన్ను మెడని మెత్తటి మైనంలో నొక్కి అచ్చు తీశారు, సగం ఒకసారి, మిగతా సగం ఒకసారి. అచ్చులో ప్లాస్టరు పోశారు. వానకి ప్లాస్టరు తొందరగా ఆరలేదు. దాన్ని కిటికీలో పెట్టి, పక్కన కూర్చుని, దానికి విసనకర్రతో విసిరారు. ఆ విసనకర్ర అంతకుముందు నా కట్టు లోపల దురద పెడితే గోక్కోవడానికి వాడేదాన్ని.

తర్వాత అత్తయ్య మా ఆయన దగ్గరున్న పాత పట్టకారు ఒకటి తీసుకుని, దాని ఇనప పళ్ళని ఆకురాయితో అరగదీసి, ఆ చోట పళ్ళసెట్లకి వాడే చిగుళ్ళ రంగు ముద్దతో రెండు దవడలు కట్టారు. పట్టకారు మూస్తే మధ్యలో పెన్ను మెడ పట్టేంత బెజ్జం. గులాబీ రంగు చిగుళ్ళు, పళ్ళు లేవు.

మావయ్య తన బల్ల దగ్గర నుంచి చూశారు. "ఇదేమిటే, బోసినోరు."

ఆ పేరే ఉండిపోయింది.

అత్తయ్య పెన్నుని దీపం సెగకి దూరంగా తిప్పుతూ వేడి చేసి, బోసినోటికి అందించి, తిప్పారు. పట్టకారు తిరిగింది. పెన్ను తిరగలేదు. మళ్ళీ పట్టుకుని తిప్పారు. మెడ మీద జారిపోతోంది.

"సరిపోలేదా అత్తయ్యా?"

"సరిపోయింది. పట్టుకోలేదు." పట్టకారు వెలుతురులో పెట్టి చూశారు. కాసేపటికి ఆవిడకే అర్థమైంది. చిగుళ్ళ మీద పుండున్న చోట పళ్ళసెట్టు నొక్కకూడదు. అక్కడ గోరుమందం ఖాళీ వదలాలి. పనిలో చేరిన కొత్తలో ఎవరో నేర్పారు. అప్పటి నుంచి ప్రతి సెట్టులోనూ ఆవిడ చెయ్యి దానంతటదే ఆ ఖాళీ వదిలేది. పెన్నుకి కూడా వదిలేసింది.

"నొప్పెడుతుందేమోనని వదిలానమ్మాయ్."

"పెన్నుకా?"

"చేతికేం తెలుసు, అది పెన్నని." నవ్వబోయి దగ్గారు. దగ్గు ఆగేదాకా మావయ్య పేపరు తిప్పలేదు.

రెండో బోసినోటికి లోపల ముతక గుడ్డ అద్ది నేత అచ్చు వేశారు, జారకుండా. అది పట్టుకుంది. పెన్ను మెడ వెంట్రుకంత కదిలింది. కదిలిన చప్పుడు నాకు మంచం మీదకి వినిపించింది.

"కదిలింది," అన్నాను.

"ఇవాళ్టికి చాలు," అన్నారు అత్తయ్య. "బలవంతం చేస్తే పగుల్తుంది. చల్లారనీ. రేపు చూద్దాం."

మర్నాడు పట్టుకుని తిప్పితే కదల్లేదు. నిన్న కదిలింది ఇవాళ బిగుసుకుంది. అత్తయ్య వాన వైపు చూసి, "చెమ్మ," అన్నారు. మూడో బోసినోరు మొదలుపెట్టారు.

వానల్లో మా ఇల్లు ఆ పద్ధతికి అలవాటు పడింది. ఒకరోజు కొంచెం కదులుతుంది. మర్నాటికి బిగుసుకుంటుంది. అత్తయ్య పట్టకారు మార్చేవారు. ఒకదాని పిడి పొడుగు, ఒకదాని నోరు వెడల్పు. పట్టకారు కోసం ఎలాగూ మైనం కరిగించాను కదా అని పక్కనే ఒక పళ్ళసెట్టు కూడా పెట్టుకునేవారు. మోటారు మాత్రం ముట్టుకోలేదు. అరగదియ్యాల్సినవి గుడ్డ కప్పిన పళ్ళెంలో పోగుపడుతున్నాయి.

భోజనాలయ్యాక అత్తయ్య లోపల కాసేపు నడుం వాల్చేవారు. నేను ఫోన్లో వార్తలు దిద్దుతూ కునుకు తీసేదాన్ని. ఒక మధ్యాహ్నం వాసనకి మెలకువ వచ్చింది. పార్సిళ్ళ ఆఫీసులో వచ్చే వాసన. మావయ్య నాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది.

"లక్క కాస్తున్నారా మావయ్యా?"

"కవరమ్మా. ఒకాయన వీలునామా."

"ఈమధ్య వీలునామాలు ఎక్కువైనట్టున్నాయే."

"వానాకాలం కదా. జలుబు చేసినా జనానికి ఆస్తి గుర్తొస్తుంది. నువ్వు పడుకో పేపరమ్మా."

పడుకున్నాను.

*

కళ్ళజోళ్ళతను దారిన పోతూ తొంగిచూసేవాడు. "రాసిందా బాబాయిగారూ?" అని అడిగేవాడు. "ఇంకా మాటలు రాలేదయ్యా," అనేవారు మావయ్య. మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవారు. తర్వాత అతను అడగడం మానేసి గుమ్మంలో నిలబడి గది కొలతలు కళ్ళతో వేసుకునేవాడు.

మా ఆయన మాత్రం నవ్వలేదు. ఒక సాయంత్రం తడిసి వచ్చాడు. లోపల అత్తయ్య దగ్గుతున్నారు. తల తుడుచుకోకుండానే తండ్రి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నా, వినపడుతోందా?"

"వినపడుతోంది."

"పెన్ను కోసం అమ్మ ఇంకెన్నాళ్ళు ఈ గదిలో కూర్చోవాలి?"

"మోటారు ఆపేసిందిగా."

"ఆపింది. పళ్ళెం నిండాక మళ్ళీ వెయ్యదని నువ్వు పూచీ ఉంటావా?"

పూచీ అన్న మాట మావయ్య చాలా కాగితాల్లో రాశారు. దాని బరువు తెలిసినవాడు ఊరికే పూచీ ఉంటానని అనలేడు.

ఆ వారంలోనే కళ్ళజోళ్ళతను ఒక భూతద్దం తెచ్చాడు. తలకి పట్టీ పెట్టుకుని కళ్ళ మీదకి దించుకునే రకం.

"పిన్నిగారూ, ఇది పెట్టుకుని చూడండి. కీలు దగ్గర ఏం అడ్డం పడుతోందో తెలుస్తుంది. మీ చేతుల్లో పట్టు కూడా తగ్గుంటుంది, వయసు కదా. అందరికీ వచ్చేదే."

అత్తయ్య భూతద్దం అందుకుని థాంక్స్ చెప్పారు. అతను వెళ్ళాక తన చేతులు ఒకసారి చూసుకున్నారు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య పడుకుని లేచి వచ్చేసరికి మావయ్య ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నారు.

"ఏమైందండీ?"

"పాల గిన్నె తగిలింది."

"పాల గిన్నె మీరెప్పుడు ముట్టుకున్నారు?"

"ముట్టుకున్నాను కాబట్టే కాలింది."

"ఏదీ, చూడనివ్వండి."

ఆయన వద్దన్నారు. ఆవిడ వినలేదు. ఆయన కుర్చీ పక్కనే కింద కూర్చుని గుడ్డ విప్పారు. వేలి మెత్త మీద బొబ్బ. చర్మం ఊడి వచ్చింది. ఆవిడ తల మీది భూతద్దం కళ్ళ మీదకి దించుకుని ఆ వేలిని చూశారు. బొబ్బ అంచున ఏదో కనిపించినట్టుంది, చేతిగోటితో మెల్లగా తీశారు. మావయ్య పైకప్పు వైపు చూస్తున్నారు. మందు రాసి, కొత్త గుడ్డ చుట్టి, ముడి వేశారు. ఆస్పత్రివాళ్ళ కంటే బాగా వేశారు.

తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి పెన్ను తీసుకున్నారు. మెడ కీలు దగ్గర భూతద్దంతో చూశారు. చాలాసేపు చూశారు. బయట వాన ఆగి మళ్ళీ మొదలైంది. మావయ్య పేపరు చదువుతున్నారు. పేపరు తిరగేసి ఉంది.

"అమ్మాయ్," అన్నారు అత్తయ్య, నా వైపు తిరక్కుండా. "రేపు పెన్ను తెరుస్తాను. ఆ కళ్ళజోళ్ళబ్బాయికి కూడా ఫోన్ చేసి రమ్మను."

*

మర్నాడు పొద్దున అందరం ఉన్నాం. అత్తయ్య చివరి బోసినోరు తీసుకున్నారు. దీపం సెగకి పెన్ను మెడని తిప్పారు. వేడి చాలిందో లేదో పెదవికి ఆనించి చూశారు. పట్టకారుతో పట్టుకుని ఒక్కసారి తిప్పారు.

టిక్‌మంది. పెన్ను రెండయింది.

వేరే ఏమీ లేదు. అన్ని వారాలు పట్టిన పని, అగ్గిపుల్ల గీసినంత సేపట్లో అయిపోయింది. మొదటి వారంలో కూడా ఇంతే సేపు పట్టేదని నాకు అప్పుడు అనిపించింది.

"వచ్చేసింది," అన్నాడు మా ఆయన.

"వచ్చిందా?" అన్నారు మావయ్య. కళ్ళెదుటే రెండు ముక్కలు కనిపిస్తున్నా అడిగారు. లేచి నిలబడ్డవారు మళ్ళీ కూర్చున్నారు.

"పిన్నిగారి చేతుల్లో పట్టు ఎక్కడికీ పోలేదు," అన్నాడు కళ్ళజోళ్ళతను. ఆవిడ అతనికి భూతద్దం తిరిగి ఇవ్వబోయి, "సాయంత్రం ఇస్తాను," అన్నారు.

పాత తిత్తి పెంకులు పెంకులుగా రాలింది. కొత్తది తొడిగి, అంటించి, ఆరబెట్టారు. మా ఆయన గది నలుమూలలా చూశాడు. అతను గెలిచాడు. గెలిచినవాడి మొహంలా లేదు. పనికి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అమ్మా, అన్నీ నేనే సర్దుతాను, నువ్వు బరువులు ఎత్తకు," అన్నాడు.

"ఏమున్నాయి ఎత్తడానికి," అన్నారు అత్తయ్య. "కత్తులేగా."

అందరూ వెళ్ళాక, మావయ్య స్నానానికి లేచాక, ఆవిడ నా మంచం మీద కూర్చున్నారు. చేతిలో చిన్న గాజు పలక ఉంది. భూతద్దం నా తలకి తగిలించి పలక నా ఒళ్ళో పెట్టారు.

పలక మీద లక్క పెచ్చు, గోరులో సగం ఉంటుంది. పెన్ను మెడ దగ్గర నుంచి మైనం కత్తితో ఊడదీసింది. ఎర్రగా ఉంది. అద్దంలోంచి చూస్తే దాని మీద గీతలు. దగ్గర దగ్గరగా వంపు తిరిగిన గీతలు.

"ఏమిటది?" అన్నారు అత్తయ్య.

"వేలిముద్ర."

"ఎవరిదో చెప్పు."

నేను మావయ్య బల్ల వైపు చూశాను. ఊరందరి వేలిముద్రలూ తీసినాయన తన వేలు లక్క మీద పెట్టానన్న సంగతి చూసుకోలేదు.

"పెన్నువాళ్ళు అతికించిన లక్క తేనె రంగులో ఉంటుంది," అన్నారు అత్తయ్య. "మొదటిసారి కదిలించిన మర్నాడు చూస్తే ఎర్రది. ఈ ఇంట్లో ఎర్ర లక్క ఎవరి సొరుగులో ఉంటుందమ్మాయ్?"

"అంటే మీకు అప్పటి నుంచీ తెలుసా?"

"అచ్చులు తీసి బతికినదాన్ని. తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"ఆయన అతికిస్తున్నంత కాలం నేను విప్పుకుంటూ కూర్చోవచ్చుగా."

కిటికీలోంచి వెలుతురు ఆవిడ బల్ల మీద పడుతోంది. కత్తులు వరసగా ఉన్నాయి.

"మరి ఇవాళ ఎందుకు తెరిచారు అత్తయ్యా?"

"వేలు కాల్చుకున్నారుగా." ఆవిడ నా తల మీంచి భూతద్దం తీశారు. "ఈ వయసులో కాలిన పుండు తొందరగా మానదు. నా బల్ల కోసం ఇంకోసారి కొవ్వొత్తి వెలిగిస్తే ఇంకో వేలు. అగ్గిపెట్టె దాచొచ్చు. దాస్తే నాకు తెలిసిందని ఆయనకి తెలుస్తుంది. ఇదే నయం."

గాజు పలక తీసుకెళ్ళి, పళ్ళు పెట్టే చిన్న డబ్బాలో పెచ్చు వేసి, మూత పెట్టారు.

*

మావయ్య రెండు రోజులు రాశారు. మొదటి రోజంతా పెన్నుతో గీతలు గీసి పాళీని దారికి తెచ్చారు. రెండో రోజు గుమ్మం నుంచి కిటికీ వైపు టేపు పట్టి కొలిచారు. టేపు రెండో చివర పట్టుకోవడానికి నా చేతికి ఇచ్చారు. మంచం మీద నుంచే పట్టుకున్నాను. అది ఎక్కడ ఆనించమన్నారో చూశాను గానీ, ఎందుకో నాకు తట్టలేదు.

కళ్ళజోళ్ళతను వచ్చాడు. మావయ్య చత్వారం జోడు తీసేసి కాగితం కొడుక్కి ఇచ్చారు. "గట్టిగా చదువు. అందరూ వినాలి."

మా ఆయన చదవడం మొదలుపెట్టాడు. తేదీ, పేర్లు, అద్దె, ఖాళీ చేయాల్సి వస్తే ఎవరు ఎంత ముందు చెప్పాలో. తర్వాత హద్దులు.

"అద్దెకు ఇచ్చిన స్థలమునకు హద్దులు. తూర్పు, వీధి. ఉత్తరం, ప్రక్క ఇంటి గోడ. దక్షిణం, లోపలి నడవ. పడమర..."

ఆగాడు. కాగితం కొంచెం దగ్గరగా పెట్టుకున్నాడు.

"పడమర, నా భార్య పని చేసుకొను బల్ల."

వాన చూరు నుంచి కారుతోంది.

"తర్వాతది చదువు," అన్నారు మావయ్య.

"సదరు బల్లయు, దాని వెనుక కిటికీయు, ఆ కిటికీ నుండి వచ్చు వెలుతురును ఈ అద్దెలో చేరవు. అరగదీయు మోటారు సదరు హద్దుల లోపల పడుచున్నందున, దానిని ఇంటి నుండి తొలగించు బాధ్యత ఇంటి యజమానిది."

మా ఆయన కాగితం దించి వాళ్ళ అమ్మ వైపు చూశాడు.

"అమ్మా, మైనం పనికి పొడి లేవదు కదా?"

"మైనానికి పొడేమిట్రా."

"మరి అరగదియ్యడం?"

"నా దగ్గర నేర్చుకెళ్ళినావిడ సొంతంగా పెట్టుకుంది. పొడి పీల్చే మిషను కూడా ఉంది. ఆవిడకి పంపిస్తాను."

ఆవిడ ఆ జవాబు అప్పటికప్పుడు చెప్పారు. ఎన్నాళ్ళ నుంచి సిద్ధంగా ఉంచుకున్నారో మరి. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"మోటారు సాయంత్రమే తీసేస్తాను," అన్నాడు మా ఆయన. మిగతా కాగితం చదివేటప్పుడు అతని గొంతు మామూలుగానే ఉంది, కాకపోతే కొంచెం తొందరగా చదివాడు.

"అంటే గది మొత్తం కాదన్నమాట," అన్నాడు కళ్ళజోళ్ళతను.

"అద్దె కూడా మొత్తం కాదు, చూసుకో," అన్నారు మావయ్య. "పైగా పళ్ళ కోసం వచ్చినవాళ్ళకి కళ్ళు మాత్రం బాగుంటాయా? నీ బేరం నా కోడలి మంచం ఖాళీ అయ్యేలోపే మొదలవుతుంది."

అతను కాసేపు అలమరలోని దవడల వైపు చూసి, వాటి వయసు లెక్క వేసుకున్నాడు కాబోలు, సరేనన్నాడు.

మావయ్య సంతకం పెట్టారు. కట్టు ఉన్న వేలు కాగితాన్ని అదిమి పట్టింది. కళ్ళజోళ్ళతను పెట్టాడు. అత్తయ్య బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి కాగితం మీదకి వంగి చూశారు.

"వేలిముద్ర కూడా వెయ్యండి," అన్నారు.

"ఎందుకే? సంతకం పెట్టానుగా. నాకు చదువొచ్చు."

"అయినా వెయ్యండి. మీ ఎడమ బొటనవేలు బాగా పడుతుంది."

మావయ్య ఆవిడ వైపు చూశారు. తర్వాత కట్టు చుట్టిన వేలి వైపు చూసుకున్నారు.

"ఇది మానాక వేస్తాను," అన్నారు.

"తొందరేం లేదు. అలాంటిది నా దగ్గర ఒకటుంది."

మావయ్య పెన్నుకి మూత పెట్టబోయారు. మొదటిసారి పడలేదు. ఆవిడ ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తీసి, నా చేతికి ఇచ్చారు.

"సాక్షి సంతకం నువ్వు పెట్టమ్మాయ్. రోజంతా ఇక్కడే ఉన్నదానివి నువ్వేగా."

మా ఆయన కాగితాన్ని ఒక అట్ట మీద పెట్టి నా మంచం దగ్గరికి తెచ్చాడు. మావయ్య గొంతు సవరించుకున్నారు.

"పేపరమ్మా, సాక్షి చూసిందే చెప్పాలి. అదైనా అడిగితేనే చెప్పాలి."

"ఎవరూ అడగలేదుగా మావయ్యా," అని సంతకం పెట్టాను.

పెన్ను బాగా రాసింది.